కల్లుకుండ ముందు పావుగంట ప్రార్థన

ఆ రోజుల్లో ప్రార్థన చేయకుండా నాకు ఏదీ గొంతు దిగేది కాదు. భక్తి ఎక్కువై కాదు, అలవాటై. అన్నం ముందు, టీ ముందు, దగ్గుమందు ముందు కూడా (దగ్గుమందుకు మాత్రం కాస్త ఎక్కువసేపు) కళ్లు మూసుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉండడంతో నన్ను బడికి పంపలేదు. బర్మాలో అహ్లోన్ రేవుకు దగ్గర్లోని మా రెండు గదుల ఇంట్లో అమ్మ వంట చేస్తూ, గరిటె కాడతో బైబిల్లోని అక్షరాలు చూపిస్తుంటే చదువు నేర్చుకున్నాను. బర్మా భాష కిటికీలోంచి వచ్చింది, ఇంగ్లీషు రేడియోలోంచి వచ్చింది. నేను మాత్రం గుమ్మం దాటింది తక్కువ, ఆదివారం గుడికి తప్ప. ఇరవయ్యో ఏట ఊపిరి కుదుటపడింది. దేవుడికి స్తోత్రం, ఆ వెనకే లత అనే పేటలో ఒక చిన్న టూరిస్టు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. తెలుగు వచ్చిన పిల్ల కావాలని ఎవరో చెబితే పరుగెత్తాను.

ఆఫీసు యజమానిని అందరూ గొడుగు సయా అనేవారు. (సయా అంటే ఇక్కడ గురువూ, డాక్టరూ, యజమానీ అందరూ. గొడుగు మాత్రం ఆయన ఒక్కరిదే, ఎండైనా వానైనా చంకలో ఉండేది.) మూడు నెలలు నన్ను పరీక్షగా పెట్టుకుని, చివర్లో ఒక యాత్ర అప్పగించారు. విశాఖపట్నం నుంచి వచ్చిన దంపతులను ట్వంటే ఊరు దాటించి, కాలువ వెంట సముద్రపు ఉప్పునీరు కలిసే ఊళ్ల దాకా తీసుకెళ్లి, అక్కడి దని అనే చెట్టు కల్లు రుచి చూపించాలి. "వాళ్లు సంతోషంగా తిరిగొస్తే నువ్వు ఇక్కడుంటావు మ బుజ్జీ. లేకపోతే ఇంట్లో అమ్మకు సాయం చేసుకో," అన్నారు. (మ అంటే ఇక్కడ అమ్మాయిల పేరు ముందు పెట్టే మర్యాద.) ఆ రెండో మాట వినగానే మా ఇంటి నాలుగు గోడలూ నా చుట్టూ దగ్గరికి జరిగినట్టనిపించింది.

అమ్మకు విషయం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న రోజునే మద్యం ముట్టనని మాటిస్తాం. ప్రభువు బల్ల దగ్గర పోసేది కూడా ఎండుద్రాక్ష నానబెట్టి కాచిన రసమే. అమ్మ చేతిలోని చేపను కత్తిపీట మీదే వదిలేసి నావైపు చూసింది. "ఏటీ, కల్లు సూపించడానికా? ఎల్లు అమ్మీ, ఎల్లు. నీ కాళ్లకి లోకం ఎక్కడ తగిలినా నానేటనను. నాలిక మీద సుక్క పడ్డాదంటే మాత్రం దేవుడి కన్నా ముందు నాను అడుగుతాను."

వచ్చిన పెద్దాయనను బాబాయిగారనీ, ఆవిడను పిన్నిగారనీ పిలిచాను. సముద్రతీరాల్లో పుట్టిన మద్యాలన్నిటినీ ఆయా ఊళ్లకే వెళ్లి రుచి చూడాలని బాబాయిగారికి ఒక వ్రతం లాంటిది ఉంది. నోటుబుక్కు, పెన్సిలు, మెడలో కళ్లద్దాలు. పిన్నిగారు ప్రతిచోటికీ ఆయన వెంట వెళ్లి, ప్రతిచోటా ముక్కు మూసుకుని బయట కూర్చునే మనిషి. ఫెర్రీ దిగి, వ్యాను ఎక్కి, ట్వంటేలో పడవలోకి మారాక బాబాయిగారు గట్ల వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ద్రాక్షతోటలేవమ్మా? నేను చూసిన చోటల్లా కొండమీద తోటలు, కింద సముద్రం!" నేను బట్టీపట్టిన వాక్యం లాగా అప్పజెప్పాను. "ఇక్కడ కొండా లేదు, తీగా లేదండీ. ఉన్నదంతా బురదే. ఈ దని మట్టలన్నీ ఆ బురదలోంచే లేస్తాయి." మాను లేని కొబ్బరిచెట్టు బురదలో చతికిలబడితే ఎలా ఉంటుందో దని అలాగే ఉంటుంది. దాని గెలకాడను రోజూ మెల్లగా కాలితో తట్టి తట్టి మెత్తబరిచి, తర్వాత గెల కోసి, కాడకు వెదురు గొట్టం కడతారు. పొద్దున దిగిన కల్లు తియ్యగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి పులుస్తుందనీ, సాయంత్రానికి మనిషిని కూర్చోబెడుతుందనీ కూడా చెప్పాను. బాబాయిగారు అంతా రాసుకుని, "నువ్వెప్పుడూ తాగలేదా?" అని అడిగారు. "లేదండీ," అన్నాను. "మరి ఇంత బాగా ఎలా చెబుతున్నావ్?" (పరలోకం గురించి కూడా నేను చూడకుండానే బాగా చెబుతాను. కానీ ఆ మాట అనలేదు.)

మొదటి గుడిసెలో కల్లు దించే ముసలాయన మోకాళ్ల దాకా బురదతో నవ్వుతూ ఎదురొచ్చాడు. బర్మా వాళ్లు బాబాయిని పిలిచినట్టే నేనూ ఆయన్ని ఊలే అన్నాను. ఆయన కొబ్బరిచిప్ప నిండా పోసి, అతిథుల్ని దాటించి, తిన్నగా నా చేతిలో పెట్టాడు. అక్కడి మర్యాద అది. అతిథుల్ని తెచ్చినవాళ్లు మొదటి చిప్ప తాగాలి, కల్లు మంచిదని చూపడానికి. గొడుగు సయా నాకు అన్నీ చెప్పారు గానీ ఈ ఒక్కటీ చెప్పలేదు. తాగితే అమ్మ, సంఘం, నేనిచ్చిన మాట. తాగకపోతే ఊలే చిన్నబుచ్చుకుంటాడు, యాత్ర చెడుతుంది, ఉద్యోగం పోతుంది. చేతిలోకి ఏదైనా వచ్చాక నాకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి కళ్లు మూసుకున్నాను.

మూసుకున్నాక తెరవాలంటే భయం వేసింది. తెరిస్తే తాగాలి. "పరలోకమందున్న మా తండ్రీ," అని పైకే మొదలుపెట్టి, ఊలేను తలచుకున్నాను. బురదలో నిలబడే ఆయన మోకాళ్లను జ్ఞాపకము చేసికొమ్మన్నాను. ఆయన భార్యను, వాళ్ల గుడిసె కప్పును, మా పడవ ఇంజనును, బాబాయిగారి జీర్ణశక్తిని, పిన్నిగారి ఓర్పును, మా అమ్మ రక్తపోటును వరుసగా అప్పగించాను. ఇంకెవరూ గుర్తురాక, గట్టు మీద పాకుతున్న పీతల్ని కూడా దీవించమన్నాను. చివరికి "ఆమేన్" అని కళ్లు తెరిస్తే, బాబాయిగారు టోపీ తీసి నిలబడి ఉన్నారు. ఊలే బురదలోనే చేతులు జోడించుకుని కూర్చున్నాడు. పిన్నిగారు చెప్పులు విడిచి, కుడి అరచేయి గుంటగా చేసి ముందుకు చాచారు. "మంత్రం ఎంత బాగా చదివావమ్మా! తీర్థం పొయ్యి."

నా చెయ్యి దానంతటదే వంగింది. ఆవిడ అరచేతిలో పడ్డది కళ్లకద్దుకుని, జుర్రున తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నారు. "చల్లగా ఉంది. ఇంకాస్త."

"అది తీర్థం కాదే, కల్లు!" అన్నారు బాబాయిగారు.

"అంతసేపు మంత్రం చదివాక కల్లేమిటండీ?"

"ముప్పై ఏళ్లు నన్ను గుమ్మం బయట నిలబెట్టావు కదే దీనికోసం!"

"మీరు మంత్రం చదవకుండా తాగారు," అని పిన్నిగారు మూడోసారి అరచేయి చాచారు.

అది మేము టీ ముందు కూడా చేసుకునే మామూలు ప్రార్థనేనని మొత్తుకున్నాను. వినలేదు. బాబాయిగారు నోటుబుక్కులో "రుచి చూచుటకు ముందు సుదీర్ఘమైన స్థానిక క్రతువు" అని రాసుకోవడం నా కళ్లతో చూశాను. రెండో గుడిసెలో బియ్యపు కల్లు ముందు "పూజారమ్మ మొదలెట్టనీయండి," అంటూ పిన్నిగారే అందరినీ ఆపారు. తిరుగు పడవలో ఆవిడ తన పెళ్లినాటి పాటలన్నీ పాడారు, బాబాయిగారు తాళం వేశారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారేమో అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

రేవులో వాళ్లు చెప్పిందంతా విని గొడుగు సయా మొహం వెలిగిపోయింది. "ఉద్యోగం నీదే మ బుజ్జీ! ఇకనుంచి ప్రతి గుడిసెలోనూ ఆ ప్రార్థన ఉండాలి. కార్యక్రమంలో రాయిస్తాను." ఎంతో కోరుకున్న మాట ముందొచ్చింది, నా వల్ల కాని మాట దాని వెనకే వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారి దగ్గర మొత్తం ఒప్పుకున్నాను. ఆవిడ పాటల పుస్తకాలు సర్దుతూ ఆగారు. "ఏటే? కల్లుకుండ ముందు పార్థన సేసినావా? ఎంతసేపు?"

"పావుగంట ఉంటుందండీ."

"బుధవారం కూటంలో లేచి రెండు మాటలు సెప్పమంటే నేలసూపులు సూస్తావే! ఆ పీతలు సేసుకున్న పున్నెం మేం సేసుకోలేదా?" అని నవ్వి, నా తల మీద చెయ్యి వేశారు. "ఆ ముసలాయన మోకాళ్ల కోసం అడిగినావు సూడు, అది నిజం పార్థన. రేపట్నించి సూపించడానికి సేస్తే అది నాటకం. అది నీకూ తెలుసు. తెలిసే కదే ఏడుస్తన్నావు."

సోమవారం ఆఫీసుకెళ్లి, గొడుగు సయా ముందు నిలబడి, ఉద్యోగం పోయినా ప్రార్థనను కార్యక్రమంలో పెట్టలేనని చెప్పేశాను. అసలు అది తాగకుండా తప్పించుకోవడానికి సాగదీసిందని కూడా చెప్పాను. ఆయన గొడుగు కిందపడేలా నవ్వారు. "అయ్యో, మద్యం ముట్టనని శీలం పట్టానని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా! ఊలే పున్నమికీ అమావాస్యకీ తనే శీలం పడతాడు. ఆ రోజుల్లో తన కల్లు తనే ముట్టడు. ఈ దేశంలో ఆ మాట అర్థం కానిదెవరికి?" (శీలం పట్టడమంటే ఇక్కడి బౌద్ధులు ఫలానాది ముట్టమని నియమం పూనడం.) ఆ సాయంత్రమే ఆయన కార్యక్రమంలోంచి ప్రార్థన కొట్టేసి, నా పేరు మాత్రం ఉంచేశారు.

అన్నేళ్లు కిటికీలోంచి బర్మా భాష విన్నాను గానీ, పొరుగువాళ్లు కూడా నాలాగే మాటిచ్చి నిలబెట్టుకునేవాళ్లని తెలుసుకోవడానికి బురదలోకి దిగాల్సి వచ్చింది. ఇప్పుడు యాత్రికులు తక్కువ, నా తలలో తెలుపు ఎక్కువ. చిప్ప అందగానే "శీలం పట్టాను ఊలే," అంటాను. వాళ్లు గౌరవంగా తల ఊపి, పక్కవారికి అందిస్తారు. అంతే, పని అయిపోతుంది. కానీ నిజం చెప్పాలంటే, భయంతో కళ్లు బిగించి పీతల దాకా ఒక్కరినీ వదలకుండా తలచుకున్న ఆ పిల్ల చేసినంత పొడుగు ప్రార్థన ఆ తర్వాత ఒక్కసారీ చేయలేకపోయాను. దేవుడికి ఆ పిల్లే ఎక్కువ నచ్చి ఉంటుందేమోనని అప్పుడప్పుడు కాస్త అసూయపడుతుంటాను.