తొక్కగానే కదిలే బండి

పందేల పికప్ బళ్లకు ఇంజనుకు గాలి ఎక్కించి జోరు పెంచే పెద్ద టర్బోలు బిగించడంలో అనుచిత్‌ది అందెవేసిన చెయ్యి. ఒకరోజు అతని షెడ్డుకు, పూ తప్ బెర్క్ కొండ మీంచి క్యాబేజీ దించే రత్రీ వచ్చింది.

"పోయిన మా ఆయన సరదాపడి పెట్టించిన టర్బో అన్నా. మలుపులో ఎక్సలేటర్ తొక్కితే కాసేపాగి గానీ లాగదు. నిన్న వెనక్కి జారింది."

"చిన్నది వేస్తే వెంటనే లాగుద్ది గానీ వేగం తగ్గుద్ది చెల్లీ."

"వేగం ఎవరిక్కావాలి? తొక్కగానే కదిలితే చాలు."

అతను చిన్న టర్బో వేసి, గాలి పోతున్న గొట్టాలు మార్చి, బండిలో బరువేసి తనే నడుపుతూ కొండెక్కి చూశాడు. ప్రతి మలుపులోనూ బండి వెంటనే అందుకుంది.

అది చూసి కొండ బళ్లన్నీ వచ్చాయి. పందేలు మూతపడ్డాక అతని ఇల్లు గడిచింది వాటివల్లే.

ఇప్పటికీ రత్రీ కనబడితే ముందు అతనే చేతులు జోడిస్తాడు.

"పెద్దాడివి, నువ్వు దండం పెడితే నా ఆయుష్షు తగ్గుద్ది."

"ఆ రోజు నువ్వు రాకపోతే నాకు అన్నమెక్కడిది, చెల్లీ," అంటాడు.