మిరప కల్లంలో బడి మీటింగు

సర్కారు బళ్ల మీద నాకు తోచిందల్లా మాట్లాడుతుంటే మా అన్నయ్య కూతురు సుజాతకు ఒళ్లు మండింది. తను మిరప పండే ఒక చిన్న మండలానికి విద్యాధికారి. "అత్తా, ఇంట్లో కూర్చుని తీర్పులు చెప్పే బదులు ఒకసారి వచ్చి చూడరాదూ? నాలుగు రోజులుండు. ఆ తర్వాత ఎంత తిట్టినా పడతాను" అంది ఫోన్లో. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ఒకరు సవాలు చేస్తే ఊరుకునే రకాన్ని కాను. శివరాత్రి మర్నాడే చీరాలలో బయల్దేరాను. మండలం పేరు మాత్రం రాయొద్దని సుజాత ఒట్టు వేయించుకుంది. "మెచ్చుకుంటూ రాసినా నన్ను సంజాయిషీ అడుగుతారత్తా" అంది. కాబట్టి చిలకలూరిపేట దాకా దారి చెబుతాను, ఆపైన మీ అదృష్టం.

పొద్దున ఆరు దాటాక చీరాల బస్టాండులో పర్చూరు మీదుగా పేటకు పోయే పల్లెవెలుగు దొరుకుతుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోవద్దు, అది చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. నేను మరవలేదు గానీ సంచి అడుగున పెట్టాను. సుజాతకు తెచ్చిన చేనేత చీర, గోంగూర పచ్చడి సీసా, వాడరేవు ఎండుచేపల పొట్లం అన్నీ బయటికి తీస్తేగానీ కార్డు చేతికి రాలేదు.

"ఏందమ్మా, కొత్త కాపురానికి పోతున్నావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా ఘొల్లుమంది. ఎండుచేపల వాసన కమ్ముకున్నాక మాత్రం పర్చూరు దాకా ఎవరూ నవ్వలేదు.

కిటికీ పక్కన సీటు పట్టుకోండి. పర్చూరు దాటితే పొగాకు, శనగ, పత్తి తీసేసిన మోళ్లు కనిపిస్తాయి. పేట దగ్గరపడుతున్నకొద్దీ రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలే, కళ్లు జిగేల్మనేంత ఎరుపు. నా పక్కనావిడ కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే మొక్కు నిన్న తీర్చుకోలేక ఇవాళ వెళుతోందట. కొంగు ముక్కుకు చుట్టుకుంటూ, "ఈ నెల్లో మా ఊళ్లకి చుట్టాలు రారమ్మా, తుమ్ములకి జడిసి" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను తుమ్మాను.

పేటలో దిగి బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. కారప్పొడి అడగకపోయినా వేస్తారు, కాదనకండి. అక్కణ్ణించి షేర్ ఆటో. మండల కేంద్రంలో లాడ్జీలంటూ ఏమీ లేవు, ఎవరైనా వెళితే బస పేటలోనే చూసుకోవాలి. నాకైతే మేనకోడలి అద్దె వాటా ఉంది, మిద్దె మీద మంచి గాలి కూడా ఉంది.

సుజాత ఉద్యోగం ఏమిటో ఆ మధ్యాహ్నమే అర్థమైంది. పాత హైస్కూలు ఆవరణలో ఒక గది ఆమె ఆఫీసు. ఒక బడి నుంచి కోడిగుడ్ల ఫోటో, ఇంకో బడి నుంచి కడిగిన మరుగుదొడ్డి ఫోటో, మూడో చోట టీచరు ముఖం చూపిస్తే హాజరు పడలేదని గోల. "ఫోటోలు చూసి చూసి నాకు కలలో కూడా గుడ్లూ దొడ్లే వస్తున్నాయత్తా" అంది. మధ్యలో వీలు చూసుకుని నన్ను స్కూటరెక్కించి బళ్లు తిప్పింది. వంక పెట్టడానికే వెళ్లినదాన్ని గనక పిల్లల చేత పేపరు చదివించాను, ఎక్కాలు అడిగాను. చదవడం చాలామందికి బాగానే వచ్చు. లెక్కలు మాత్రం చాలా బళ్లలో కుంటుతున్నాయి, ఉన్నమాట చెప్పాలి. కానీ హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి సాయంత్రం పొద్దుగుంకేదాకా పాఠం చెబుతున్న లెక్కల టీచరమ్మను చూశాక నా నోటికి తాళం పడింది. బళ్లో మధ్యాహ్నం పెట్టే అన్నం వేడిగా ఉంది, పప్పు చిక్కగా ఉంది. నేనూ బంతిలో కూర్చుని తిన్నాను.

అసలు సంగతి మర్నాటిది. హైవేకి ఇవతల ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ రెండు గదుల బడి, ఐదు తరగతులు, ఒక్కరే మాస్టారు. పేరు కోటేశ్వరరావు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైవే అవతలి ఊరి పెద్ద బడిలో కలపాలని ప్రతిపాదన వచ్చింది. తల్లిదండ్రుల మాట విని తీర్మానం పంపడానికి ఆ రోజే ఆఖరు. సగం మందైనా రాకపోతే అభ్యంతరం లేదనే రాసుకోవాలి.

"కలిపితే నష్టమేంటే? అక్కడ తరగతికో టీచరు ఉంటారుగా" అన్నాను ముందురోజు రాత్రి.

"నష్టమేంటో పొద్దున్నే వెళ్లి చూద్దువుగాని రా" అంది సుజాత.

ఏడింటికే వెళ్లాం. కూలి ముఠా ఆటో ఒకటి బడి గేటు ముందు ఆగింది. అందులో ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, వాళ్ల కాళ్ల దగ్గర ఇంకొందరు పిల్లలు. కోటేశ్వరరావు మాస్టారు అప్పటికే గేటు తీసి నిలబడ్డారు. బడికొచ్చే పిల్లల్ని దింపి, చంటిపిల్లల్ని వంటచేసే ఆయమ్మ చేతికిచ్చి, ఆటో చేలవైపు వెళ్లిపోయింది. ఇక్కడ కోతల కాలమంతా ఇదే పద్ధతి. ముఠా మేస్త్రి అంకమ్మా, మాస్టారూ కలిసి పెట్టుకున్న ఏర్పాటట. బడి పొద్దున్నే తెరవకపోతే ఆడపిల్లలు చంటివాళ్లను ఎత్తుకుని తల్లుల వెంట చేలకు పోతారు. పుస్తకం మళ్లీ ఉగాదికే ముట్టుకుంటారు. హైవే అవతలి బడి ఆ వేళకు తెరవదు, ఆటో అటు పోదు. తరగతులు కదిలితే ఆ పిల్లల చదువు కూడా కదిలిపోతుంది.

మీటింగు పదకొండింటికి. అరువు తెచ్చిన కుర్చీలు వేశారు, టీ కాచారు. పదకొండున్నరయింది. వచ్చింది ఒక్క తాతగారు. ఆయన మనవలెవరూ ఆ బళ్లో లేరు, కుర్చీలు కనబడితే వచ్చి కూర్చున్నారు. సుజాత గేటుకూ కుర్చీలకూ మధ్య తిరుగుతోంది.

"ఇవాళ అమావాస్య కదా, పనులుండవు, అందరూ వస్తారనుకున్నాను" అంది.

నేను నెత్తి కొట్టుకున్నాను. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టిన పిల్ల మరి! అమావాస్య నాడు మా ఇళ్లల్లో మగ్గం ఆగుతుంది, ఎవరూ నేత నాడె ముట్టుకోరు. లోకమంతా అలాగే అనుకుంది పిచ్చిది. మీటింగు పెట్టుకోవడానికి దీనికి ఆ రోజే దొరికింది.

ఆయమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "అమావాస్యకి మగ్గం ఆగిద్దేమోగానీ కాయ ఆగుద్దా మేడంగారూ? పండక్కి మూడ్రోజులు పని పోయింది. అందరూ కల్లం కాడే ఉన్నారు" అంది.

"వాళ్లు రాకపోతే మనం పోలేమా?" అన్నాను. నా జన్మకు అంత తెలివైన మాట ఇంకోటి అనలేదని ఇప్పటికీ అనుకుంటాను. సుజాత, మాస్టారు స్కూటర్లు తీశారు. పిల్లల్ని ఆయమ్మకూ తాతగారికీ అప్పగించాం. కుర్చీల రుణం ఆయన అలా తీర్చుకున్నారు.

కల్లంలోకి చెప్పులతో వెళ్లకూడదు, అది లక్ష్మి. కాయల కింద పరిచిన పట్టా ఎండకు కాలుతుంటే ముగ్గురం గెంతుకుంటూ వెళ్లాం. ఎర్రటి రాశి చుట్టూ ఆడవాళ్లు తలకు గుడ్డలు చుట్టుకుని తాలు ఏరుతున్నారు. తాలంటే తెల్లబారిన, పసలేని కాయ. అది మంచికాయలో కలిస్తే మార్కెట్ యార్డులో ధర పడిపోతుంది. వాళ్లలో కొందరి మగవాళ్లు పక్కనే గోతాలు కుడుతున్నారు.

"మాట్టాడుకోండమ్మా, నేనొద్దనను. చేతులు మాత్రం ఆపొద్దు, సాయంత్రానికి లారీ వచ్చిద్ది" అన్నాడు కల్లం రైతు.

సుజాత మాట మొదలుపెట్టింది, తుమ్మింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తుమ్మింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అంకమ్మ తన తలగుడ్డ విప్పి సుజాత ముక్కుకు కట్టింది. అప్పుడు గానీ మండల విద్యాధికారి నోట మాట పెగల్లేదు. దాచకుండా రెండు వైపులా చెప్పింది. పెద్ద బళ్లో తరగతికో టీచరు, ఇక్కడ అందరికీ ఒక్కరే. అక్కడికి హైవే దాటాలి, ఇక్కడికి ఆటో వస్తుంది.

"తరగతులు ఇక్కడే ఉండాలంటే చెయ్యెత్తండి" అంది.

"చెయ్యెత్తితే పని ఆగిద్దిగా. ఓ పని చెయ్యండి మేడంగారూ" అని అంకమ్మ ఖాళీ గంప ఒకటి మధ్యకు లాగింది. "బడి ఇక్కడే ఉండాలనేటోళ్లు ఎర్రకాయ ఎయ్యండి. పోవాలనేటోళ్లు తాలు ఎయ్యండి. ఇంటికొకటే. ఏయ్ రమణా, గుప్పెడు కాదురా, ఒకటే!"

గంపలో కాయలు పడుతుంటే నేను వంగి చూశాను. అన్నీ ఎర్రవే. ఇంతలో తెల్లటి తాలుకాయ ఒకటి వచ్చి పైన పడింది.

వేసింది కోటేశ్వరరావు మాస్టారు.

"మాస్టారూ, నీకెందుకయ్యా ఓటు?" అని కేకేసింది అంకమ్మ.

"నా కూతురు మన బళ్లోనే మూడో తరగతి అంకమ్మా. నేనూ తండ్రినేగా" అన్నారు ఆయన. అప్పటిదాకా గట్టిగా మాట్లాడగా వినలేదు నేను. "మీ నమ్మకానికి దణ్ణం పెడతా. కానీ నేను మూడో తరగతికి లెక్క చెప్పేటప్పుడు ఐదో తరగతి ఊరికే కూర్చుంటది. ఒకటో తరగతి ఏడుస్తది. గేటు నేను పొద్దున్నే తీస్తా, అది నా చేతిలో ఉంది. ఐదు తరగతులకి ఒక్కణ్ణే చదువు చెప్పటం నా చేతిలో లేదు. ఎర్రకాయ వేస్తే నా పిల్లకి నేనే అబద్ధం చెప్పినట్టు."

కల్లంలో చేతులు ఆగిపోయాయి. లారీ సంగతి రైతు కూడా మరిచిపోయాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, మిరప ఘాటు అని చెప్పడానికి ఎంతో సౌకర్యంగా ఉంది గానీ ఘాటు కాదు.

అంకమ్మ ఆ తాలుకాయ తీసి సుజాత చేతిలో పెట్టింది. "దీన్ని పారెయ్యమాక మేడంగారూ. మాదీ రాయండి, ఆయనదీ రాయండి. బడి ఇక్కడే ఉండాలి, ఇంకో టీచరు రావాలి. రెండూ కావాలి మాకు."

సుజాత రెండూ రాసింది. చేతుల మంటతోనే అందరూ సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం నుంచి మా పిల్ల ఫోన్లో ఎంతమందిని బతిమాలిందో, ఎవరితో పోట్లాడిందో లెక్కలేదు. తరగతులు ఈ ఏడాదికి కదపబోమని పైవాళ్లు మాటిచ్చారు. టీచరు సంగతి చూస్తామన్నారు. "చూస్తామంటే నీకు తెలుసుగా అత్తా" అని పడుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే నేను తిరుగుప్రయాణమయ్యాను. పేటకు పోయే ఆటో ఆ పల్లె మీదుగానే వెళుతుంది. బడి ముందు ముఠా ఆటో అడ్డంగా ఉంటే మాదీ ఆగింది. గేటు దగ్గర మాస్టారు పిల్లల్ని దింపుతున్నారు. ఆయన పక్కన కొత్త మనిషి, పాతికేళ్ల అమ్మాయి. ఇంకా హెల్మెట్ అయినా తీయలేదు. ఒక తల్లి చేతుల్లోంచి చంటిదాన్ని అందుకుని భుజాన వేసుకుంటోంది.

అంకమ్మ నన్ను చూసి ఆటోలోంచి అరిచింది. "చూశావా అమ్మా! మా మాస్టారి తాలుకాయకి వచ్చిన టీచరు! వేసవి సెలవులదాకా పక్కూరి నించి పంపించారంట!"

మాస్టారు సిగ్గుపడి నాకు దణ్ణం పెట్టారు. నేను రెండు చేతులూ ఎత్తి ఆయనకు పెట్టాను. నాకంటే చిన్నవాడైతే ఏం?

పేటలో బస్సెక్కితే అదే కండక్టరు. ఈసారి కార్డు చేతిలోనే పట్టుకున్నాను.

"ఏందమ్మా, అప్పుడే వచ్చేస్తున్నావు? కాపురం కుదర్లేదా?"

"నాది సరేలే నాయనా. ఒంటిచేత్తో ఐదు తరగతులు ఈదుతున్న ఒకాయన ఉన్నాడు, ఆయనకి తోడు కుదిరింది" అని సీటులో చేరగిలబడి మొదటి నుంచీ చెప్పాను. పర్చూరు దాకా బస్సంతా విన్నది. నా సంచిలో అంకమ్మ కట్టిచ్చిన మిరపకాయల మూటకు ఎవరెవరో తుమ్ముతూనే ఉన్నారు, అయినా ఒక్కరూ సీటు మారలేదు.