కందెన లేని షాఫ్ట్

ఈరోజు ఎల్లారెడ్డి ఊళ్ళోని మెకానిక్ షెడ్డులో మా ట్రాక్టర్ ట్రాలీని ఎత్తే హైడ్రాలిక్ పంపు విప్పారు. కోతల ముందు కామారెడ్డి నుంచి తెప్పించి ఈ మెకానిక్‌తోనే వేయించిన షాఫ్ట్ పళ్ళు ఒక్క కోతల కాలానికే అరిగిపోయాయి. వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలింది. గ్రీసు జాడే లేదు.

"సాయిలు వడ్లు కుప్పలు కుప్పలు నింపుతుండు. ముందు గా డ్రైవర్‌ను మార్చన్నా" అన్నాడు మెకానిక్, పక్కనే ఉన్న మా డ్రైవర్ వంక చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. "బరువుకైతే షాఫ్ట్ మెలిపడతది, ఇరుగుతది. గిట్ల పొడి రాలుతదా? బిగించేటప్పుడు గ్రీసు పెట్టినవా?"

"గిప్పుడు గవన్నీ ఎవలు పెడ్తరన్నా?"

ఎడ్లబండి కింద వేలాడే కందెన గొట్టం గుర్తుందా మీకు? ఆముదంలో గడ్డి మసి కలిపిన ఆ వాసన? ఇరుసు కిర్రుమంటే మా అవ్వ బండికి అడ్డం నిలబడేది. "ఎడ్లను కొడ్తవేందిరా? ముందుగాల ఇరుసు చూడు!" అని బాపు మీద అరిచేది.

సాయిలు తల దించుకొని నిలబడ్డాడు. ట్రాక్టర్ తాళంచెవి అతని చేతిలోనే పెట్టాను. మళ్ళీ తెచ్చిన కొత్త షాఫ్ట్ పళ్ళకు గ్రీసు పూసేదాకా మెకానిక్‌ను పంపు ముట్టనివ్వలేదు.