ఇదేలిసా హాల్లో పట్టేసిన జావా

సముద్రపు ఒడ్డునున్న మా ఊరు గిబారాలో మోటారుసైకిల్ ఉన్న ఇంట్లో సోఫా ఉండదు. రెండూ పట్టేంత హాలు ఎవరికీ లేదు. బండి బయట పెడితే దొంగకన్నా ముందు సముద్రం తినేస్తుంది. ఉప్పుగాలికి ఇక్కడ తలుపు బందులే ఏడాది తిరగకుండా మూలుగుతాయి. అందుకే ఇదేలిసా ఇంటికి వెళ్లినవాళ్లు ఆమె పాత జావా బండి పక్కన తగిలించిన సైడ్‌కార్ తొట్టిలో కూర్చునే కాఫీ తాగుతారు. అందులో పూల గలీబు వేసిన దిండు కూడా ఉంటుంది.

ఇదేలిసా చక్కెర మిల్లులో లేతు మిషను మీద పనిచేసింది. మిల్లు మూతపడ్డాక ఇంటికొచ్చింది. చేతులు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. ఆమెను వినయం గల మనిషి అని ఎవరూ అనలేదు, ఆమె కూడా ఆ బిరుదు కోరలేదు. పాత బండ్ల ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లు మా పనితనాన్ని తెగ మెచ్చుకుంటారు. పాత వస్తువుల మీద మాకు ఏదో ప్రేమ ఉందని కూడా రాసుకుంటారు. అలాంటి ఒకాయన అడిగితే ఇదేలిసా, "కొత్తది ఇవ్వు, దీన్ని ఇప్పుడే సముద్రంలో తోసేస్తా" అంది. ఆయన అది రాసుకోలేదు.

కిందటేడు తుపాను వస్తోందని తెలిసినప్పుడు ఆమె ఊళ్లో లేదు, చెల్లెలి ఇంట్లో ఉంది. ఫోన్లో మొగుడు ఎవేలియోకి చెప్పింది: బండిని ఇటుకల మీదకి ఎత్తించు, ప్లగ్గులు తీసి, నేను దాచిన సీసాలో ఇంజను నూనె ఉంది, తుప్పు పట్టకుండా అది సిలిండర్లలో పొయ్యి. పోశాను, అన్నాడు ఎవేలియో. తుపాను వచ్చింది, నీళ్లు హాల్లోకి వచ్చాయి, పోయాయి. బండికి పైకి చూస్తే ఏమీ కాలేదు. ఎవేలియోనే గుమ్మంలో బురదకి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఆమెకు బండి సంగతే గుర్తులేదు. మంచం, మందులు, కట్లు. ఎవేలియో మెల్లగా లేచాడు. ఊతకర్రతో గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి గదికి వచ్చాడు. ఇక అక్కడి నుంచి కదల్లేదు. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

ఎవేలియో ముప్ఫై ఏళ్లుగా మధ్యాహ్నం భోంచేసి కొండ దిగి, సముద్రపు గట్టున బాదం చెట్టు కింద డొమినో పలకలు ఆడుకుని, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ కాపురం అంత సుఖంగా సాగడానికి ఉన్న ఒకే ఒక్క కారణం అదే. ఇప్పుడు ఆ మధ్యాహ్నాలన్నీ వంటింట్లో గడుస్తున్నాయి.

"ఉల్లిపాయ అడ్డంగా కాదే కోసేది. నిలువుగా కోస్తే తియ్యగా ఉంటుంది."

"నీ తుంటి కూడా నిలువుగా విరిగి ఉంటే బాగుండేది."

"రేడియో కొంచెం తగ్గించు."

"నువ్వు కొంచెం తగ్గు."

ఊతకర్రతో ఏటవాలుగా ఉన్న మా వీధి దిగడం అతనివల్ల కాదు. గుర్రబ్బండి ఎక్కుదామంటే దాని మెట్టు ఎత్తు. సైడ్‌కార్ తొట్టి మాత్రం నేలకి జానెడెత్తున ఉంటుంది. అందులో కూలబడితే చాలు. అంటే జావా కదిలితేనే ఎవేలియో ఇల్లు కదులుతాడు. అప్పుడే ఇదేలిసాకి తన వంటిల్లు తనకి దక్కుతుంది.

ఆమె పని మొదలుపెట్టింది. చైను, బ్రేకు పెడలు, సైడ్‌కార్ అతుకులు, అన్నీ తుప్పుకి రాయైపోయాయి. కిరోసిన్ గుడ్డ చుట్టి, చుట్టూ సుతారంగా తట్టి, పానా వేసి ఒక్కొక్కటే విడిపించింది. పట్టేసిన బోల్టు విప్పాలంటే ముందు దాన్ని వెంట్రుకవాసి బిగించాలి. తుప్పు అక్కడ చిట్లుతుంది, ఆ తర్వాత వెనక్కి తిరుగుతుంది. ఈ మాట వినగానే సంసారానికో దేశానికో అన్వయించి ఉపన్యాసం దంచాలని కొందరికి నోరు దురద పెడుతుంది. ఇదేలిసా దగ్గర దంచి చూడండి. అది బోల్టు సంగతి, అంతే.

అన్నీ లొంగాయి, ఇంజను లొంగలేదు. కిక్కు మీద ఎక్కి నిలబడినా పిస్టన్లు కదల్లేదు. ప్లగ్గుల దారిలోంచి కిరోసిన్ పోసింది. ఆగింది, మళ్లీ పోసింది. పై మూత విప్పి చూస్తే పిస్టన్ల మీద నల్లగా, జిగురుగా ఏదో పేరుకుని ఉంది, దాని అంచున ఎర్రటి తుప్పు.

"మంచి నూనె ఇలా గడ్డకట్టదే" అంది.

ఎదురింటి ఆర్కాదియో తొట్టిలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. డొమినోలో ఎవేలియోకి జోడీ అతను. జోడీ లేక అతని ఆటా పాడైంది కాబట్టి సాయానికని రోజూ వచ్చేవాడు. "ఈ కాలం నూనెలు అంతే" అన్నాడు.

"అవునవును, ఈ కాలం నూనెలు" అన్నాడు ఎవేలియో కుర్చీలోంచి.

మొగుడు ఎదురింటివాడితో ఇంత త్వరగా ఏకీభవించడం ఆమెకు అనుమానం కలిగించాల్సింది. కానీ అప్పుడు ఆమె తన చేతుల మీద అనుమానంతో ఉంది. లేతు మీద అన్నేళ్లు చేసిన చెయ్యి, ఒక చిన్న పిస్టన్ని కదపలేకపోతోంది. వీధిలో ఎవరైనా "అక్కా, బండి ఏమైంది?" అంటే తలుపు మూసేస్తోంది. గిబారాలో ఎవరైనా పగలు తలుపు మూశారంటే, పరిస్థితి విషమించిందన్నమాట.

చివరికి ఒక రోజు జామకర్ర నున్నగా చెక్కి పిస్టన్ మీద నిలబెట్టింది. పెద్ద సుత్తి తెచ్చింది. పని జరిగితే జరుగుతుంది. జరక్కపోతే పిస్టన్ పగులుతుంది, దానికి మారు ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకదు.

సుత్తి ఎత్తింది.

"ఆగవే" అన్నాడు ఎవేలియో.

"ఎందుకు?"

"కాస్త ఆలోచించు."

"ఆలోచించేశా."

"అందులో ఉన్నది నూనె కాదు."

సుత్తి గాల్లోనే ఆగింది. ఆ రోజూ తొట్టిలోనే ఉన్న ఆర్కాదియో లేవబోయాడు. "కూచో" అంది ఇదేలిసా, అటు చూడకుండానే. తర్వాత మొగుణ్ణి అడిగింది: "నూనె కాకపోతే ఏంటి?"

"కొవ్వు."

"ఏం కొవ్వు?"

"పంది కొవ్వు. మీ తమ్ముడు వచ్చినప్పుడు పంది తోలు కరకరా వేయించాం చూడు, ఆ మూకుడు అడుగున మిగిలింది. పారబొయ్యడం ఎందుకని..."

"మరి నేను దాచిన సీసా?"

ఎవేలియో ఆర్కాదియో వైపు చూశాడు. ఆర్కాదియో పైకప్పు వైపు చూశాడు.

"ఆర్కాదియోకి పడవ ఇంజన్లోకి కావాలంటే ఇచ్చా" అన్నాడు ఎవేలియో. "వాడు ఊరికే తీసుకుంటాడా? ఒక రమ్ము సీసా ఇచ్చాడు."

"తుపానుకి ధైర్యం ఉండాలి కదా, వదినా" అన్నాడు ఆర్కాదియో.

ఇదేలిసా సుత్తి కింద పెట్టింది. "తోలుకి ఉప్పు వేశారా?"

"వెయ్యకపోతే ఎవడు తింటాడు?"

"ఉప్పుగాలి తగలకుండా బండిని ఇంట్లో పెట్టాను. నువ్వు ఇంజన్లోనే ఉప్పు పోశావు."

తర్వాత ఆమె అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, గరుకు కాగితంతో రుద్దినట్టు గరగరమని నవ్వింది. మొగుడి మీద కోపం ఎలాగూ వస్తుంది, ఎక్కడికీ పోదు. ముందు వచ్చింది ఊరట. తప్పు చేతులది కాదు. రోగం ఒకటైతే వేరే దానికి మందు వేస్తోంది, అంతే.

"గడ్డకట్టిన కొవ్వు చల్లటి కిరోసిన్‌కి ఎందుకు కరుగుతుంది? మూకుడు ఎలా కడుగుతాం? వేడి మీద" అంది. "ఆర్కాదియో, మీ ఇంట్లో వంట నూనె పట్రా."

"ఎంత, వదినా?"

"ఉన్నదంతా."

"మా ఆవిడ..."

"ఆవిడకి రమ్ము సంగతి నేనే చెప్పనా?"

నూనె వచ్చింది. ఇదేలిసా తన ఇంటి నూనె కూడా అందులో పోసి పొయ్యి మీద కాచింది. మరిగే నీళ్లలో గోనెపట్టలు ముంచి సిలిండర్లకి చుట్టింది. అవి చల్లారితే మార్చింది, మళ్లీ మార్చింది. ఇనుము ముట్టుకోలేనంత వేడెక్కాక కాగిన నూనె పిస్టన్ల మీద పోసింది. ఇల్లంతా పండగ రోజు వాసన.

బండిని టాప్ గేరులో వేసి ఆర్కాదియోని వెనక చక్రం దగ్గర కూర్చోబెట్టింది. "తొయ్యకు. ఊపు. ముందుకో వేలెడు, వెనక్కో వేలెడు."

"కదలడం లేదు వదినా."

"నువ్వు ఊపడం లేదు."

"ఆర్కాదియో, కుడిచేత్తో పట్టుకో" అన్నాడు ఎవేలియో.

"నువ్వు మాట్లాడకు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కాసేపటికి ఇంజన్లోంచి తడి ఇసుకలోంచి కాలు పీకినట్టు చిన్న చప్పుడు వచ్చింది. పిస్టన్ ఒక గింజంత దిగింది. ఆర్కాదియో చక్రం వదిలేసి సిలువ గుర్తు వేసుకోబోయాడు. "మొక్కు తర్వాత, ముందు ఊపు" అంది ఆమె. గింజంత కాస్తా వేలెడైంది, వేలెడు కాస్తా చక్రం పూర్తిగా తిరిగేదాకా వచ్చింది.

ఆ తర్వాత చేసిందంతా ఆమెకు నిద్రలో కూడా వచ్చే పని. సిలిండర్లు ఊడదీసి, తుప్పు నున్నగా రుద్ది, మళ్లీ బిగించింది. ఆ నెల మిగిలిన రోజులు రెండిళ్లలోనూ వేపుడు లేదు, ఉడికించిన అరటికాయే. ఎవేలియో దాని రుచి గురించి ఒక్క మాట అనలేదు.

జావా లేచిన మధ్యాహ్నం వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తెల్లటి పొగ, అందులో ఘుమఘుమలాడే పంది వేపుడు వాసన. ఎవేలియో పూల దిండు మీద, ఊతకర్ర ఒళ్లో పెట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా కూర్చున్నాడు. ఆర్కాదియో వెనక సీటు మీద. కొండ దిగేసరికి బండి వెనక మూడు కుక్కలు చేరాయి.

బాదం చెట్టు కింద ఆట ఆపి అందరూ ముక్కులు ఎగబీల్చారు. "ఏం వేయిస్తున్నావ్ ఇదేలిసా?"

"మీ నాలుగో ఆటగాణ్ణి. బాగా వేగాడు, తీసుకోండి."

ఎవేలియోని కుర్చీలోకి చేర్చారు. అతను పలకలు తన ముందుకి లాక్కుని, అప్పుడు గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "ఎప్పుడొస్తావే?"

"చీకటి పడ్డాక."

"అంత ఆలస్యమా?"

"ముప్ఫై ఏళ్లు నువ్వు వచ్చింది అప్పుడే కదా."

ఆమె నేరుగా ఇంటికి వెళ్లలేదు. గట్టు చివరిదాకా, అక్కడి నుంచి పడవలు లాగి పెట్టే చోటిదాకా ఖాళీ తొట్టితో వెళ్లి, ఇంజను చప్పుడులో తేడా ఏమైనా ఉందేమోనని విని, లేదని తేల్చుకుని వెనక్కి తిరిగింది. బండిని హాల్లో నిలబెట్టి, రేడియో గట్టిగా పెట్టి, వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయ తీసుకుంది. అడ్డంగా కోసింది.