పులియని ద్రాక్షారసం

నా చిన్నప్పుడు మల్కాజ్‌గిరి దాటితే అన్నీ ద్రాక్ష పందిళ్లే. ఇప్పుడక్కడ తోటలుండేవంటే నా మనవలు నవ్వుతారు. సికింద్రాబాద్ చర్చీలకు ప్రభు భోజనపు ద్రాక్షారసం చాలావరకు మా పేట నుంచే వెళ్లేది. అందులోనూ మా నానమ్మ జాడీలో మాగిన రసానికి మంచి పేరు. నల్ల ద్రాక్ష చేత్తో పిసికి, చక్కెర వేసి, మూతికి గుడ్డ కట్టి, చీకటి గదిలో ఏడాది పాటు మాగబెట్టేది. వాళ్ల అత్తగారి నుంచి వచ్చిన పని అది. పస్తులైనా ఉంటుంది గానీ ఆ జాడీ ఇంకొకరి చేతిలో పెట్టదని ఇంట్లో ఆటపట్టించేవాళ్లం.

మా బాబాయిని తాగుడు పీల్చి పిప్పి చేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక చలికాలమంతా ఒట్టు మీద నిలబడ్డాడు. చుక్క నోట పడినా మళ్లీ మొదలవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఇంతలో ఈస్టర్ వచ్చింది. మా చర్చిలో ప్రభు భోజనమప్పుడు అందరూ ఒకే గిన్నెలోంచి ఆ ద్రాక్షారసం తాగాలి. తాగకుండా లేస్తే ఏ పాపం దాచాడోనని సంఘమంతా గుసగుసలాడుతుంది.

"నేను రానమ్మా. ఆ వాసనకే పానం గుంజుతది" అన్నాడు బాబాయి.

ఆదివారం తెల్లవారుతుండగా, బాబాయి లేవకముందే, నానమ్మ జాడీ మొత్తం పెరటి మోరీలో కుమ్మరించింది. నేను చూస్తూ నిలబడిపోయాను. తోటలోంచి తాజా పళ్లు తెచ్చి, పిండి వడగట్టి, కొడుకును లేపింది. "రా బిడ్డా, ఇది పులవలే" అంది. చర్చిలో గిన్నె తన దాకా రాగానే బాబాయి అందుకున్నాడు. అందరితో పాటు తాగాడు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద అందరి ముందే అడిగాడు. "ఏందమ్మా, ప్రభువు బల్ల మీద షర్బత్ పెడ్తవా?"

నిజం చెబితే కొడుకు పరువు పోతుంది. "ఈసారి జాడీ చెడిపోయిందయ్యా" అంది నానమ్మ, తల దించుకుని. ఆ పెద్దమనిషి మీద నాకు ఈనాటికీ కోపమే. మరుసటి నెలకే ఆ పని ఇంకో ఇంటికి పోయింది.

వానాకాలంలో బాబాయి చనిపోయాడు. లోపల లివర్ ఎప్పుడో పాడైపోయిందట. సమాధి దగ్గర మా మేనత్త ఏడుస్తూ, "గంత చేస్తివి, ఏం ఫాయిదా అమ్మా?" అంది.

"నా కొడుకు తాగి సావలే" అంది నానమ్మ.

పెళ్లి విందులోనైనా క్రిస్మస్ నాడైనా, ఎవరైనా గ్లాసు వద్దని పక్కకు జరిపితే ఎందుకని నేను అడగను. ఇంకెవరైనా అడగబోతే మాట మార్చేస్తాను.