నడిమధ్యలో నిలబడిపోయే పాటగాడు

పామిడిలో మేం నైటీలు కుట్టే షెడ్డులో మిషన్లు ఆగాయంటే కరెంటు పోయిందని అర్థం. ఆ రోజు కరెంటు ఉండగానే నా మిషను ఒక్కటి ఆగింది. గోడమీది టీవీలో బొంబాయి పాటగాడి ఫొటోకు దండ వేసి చూపిస్తున్నారు. ఏదో జబ్బుతో పోయాడట. పక్క మిషను అన్న తల తిప్పకుండానే, "మీ నిలబడే ఆయప్ప పోయినాడంట కదప్పా" అన్నాడు. ఔనన్నాను. మళ్లీ గుడ్డ సూది కిందికి తోశాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, అంతే.

ఆయన పేరు చెప్పినా ఇప్పుడు చాలామందికి గుర్తు రాదు. తొంభైల చివర్లో మాత్రం ఆయన క్యాసెట్ లేని ఇల్లు మా వైపు తక్కువ. సినిమా పాటలు కావు, తనే కట్టి తనే పాడి తనే ఆడినవి. హిందీ కాబట్టి మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మొదటిసారి వింటున్నప్పుడు పాట నడిమధ్యలో ఆగిపోయింది. టేపు చుట్టుకుందనుకుని డబ్బా నెత్తిన ఒక్కటిచ్చాను. పాట మళ్లీ అందుకుంది. నా దెబ్బకే బాగైందని నమ్మి, ఆ చోటు వచ్చినప్పుడల్లా కొడుతూ ఉండేవాణ్ని. తర్వాత ఎవరింట్లోనో టీవీలో చూస్తే తెలిసింది, ఆగేది ఆయనే. వాయిద్యాలు పరుగు మీద ఉండగా ఎక్కడి కాలు అక్కడ, ఎక్కడి చెయ్యి అక్కడ ఉంచేసి నిలబడిపోతాడు. వాయిద్యాలూ నోరు మూసుకుంటాయి. తనకు బుద్ధి పుట్టినప్పుడు మళ్లీ కదులుతాడు.

అంత పిచ్చి ఎందుకు పట్టిందని అడిగితే నా దగ్గర ఒక్కటే జవాబు. మా ఊళ్లో ఆగినవన్నీ గతిలేక ఆగినవే. బోరు ఆగిపోతుంది. శనక్కాయ చేను ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టేవేళకు ఆగిపోతుంది. పెన్న ఏరు ఎప్పుడో ఆగిపోయింది. తన ఇష్టంతో ఆగిన మనిషిని నేను మొదట చూసింది ఆయన్నే.

మా నాయన చెక్కభజన గురువు. గజ్జెలు బిగించిన చెక్కలు చేతబట్టి, గుండ్రంగా తిరుగుతూ, గురువు పిలిచిన అడుగు వేస్తూ పాడే భజన అది. వాన మొహం చాటేస్తే మా ఊళ్లో రాముల గుడి ముందర భజన కట్టడం ఆచారం. ముందువాడి మడమకు వెనకవాడి వేళ్లు తగిలేంత దగ్గరగా నడుస్తారు. ఒకడు తప్పితే అందరూ తప్పినట్టే. ఒక కరువు ఏడు అలాంటి భజన మంచి ఊపు మీదుండగా నేను ఆగాను, ఎక్కడి కాలు అక్కడ. వెనకున్న మామ వచ్చి నా వీపుకు కొట్టుకున్నాడు, ఆయన మీద ఇంకొకాయన, ఆయన మీద మరొకాయన. ఒక పెద్దాయన చెక్క ఎగిరి ఆడవాళ్ల మధ్యన పడింది. ఊరంతా నవ్వింది. నాయన నవ్వలేదు.

"భజనలో నిలబడేది సచ్చినోడొక్కడేరా. నువ్వు బతికే ఉండావు కదా. పో, ఆడ నిలబడు పో" అని జనం వైపు చెయ్యి చూపించాడు.

ఆ తర్వాత నన్ను భజనలోకి పిలవలేదు. ఇంట్లో మాట్లాడేవాడు, చేన్లో పక్కపక్కనే గుంటక తోలేవాళ్లం. భజన ఎత్తుకుంటే మాత్రం నేను లేనట్టే. నాదీ మొండి రక్తమే, పోయి అడగలేదు. జనంలో నిలబడి చూస్తుంటే ఉత్త చేతులు వాటంతటవే చెక్కలు కొట్టినట్టు ఆడేవి, వాటిని చంకల్లో దాచుకునేవాణ్ని. నాయన నోటితో ఒక్కసారి రమ్మంటే చాలని ఉండేది. ఏళ్లు గడిచాయి, నేను మిషను పనికి పామిడి చేరాను, ఆ మాట రాలేదు.

అటు పాటగాడి పేరూ మసకబారింది. కొత్త పాటల్లోనూ అదే నిలబడడం. టీవీలవాళ్లు వెక్కిరించారు. షెడ్డులో కూడా, "ఒకటే ఎద్దును ఎన్నాళ్లు తోల్తాడప్పా" అని నన్ను ఆటపట్టించేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది. పోనుపోను కోపానికీ ఓపిక చాలలేదు. పోయిన రోజున అదే టీవీలు ఆయనంత కళాకారుడు లేడన్నాయి. చచ్చినవాని కండ్లు చారెడు మరి. నేను మిషను కట్టేసి బస్సెక్కాను.

ఆ ఏడూ తొలకరి లేదు. విత్తనం ఇళ్లలోనే ఉంది. నేను ఊళ్లో దిగేసరికి పొద్దు మునుగుతూ ఉంది, గుడి ముందర జనం చేరారు. ఎప్పటి చోటనే పోయి నిలబడ్డాను. నాయన భజన ఎత్తబోయి, ఆగి, నా దగ్గరకు వచ్చాడు.

"ఆయప్ప పోయినాడంట కదరా. మీ అమ్మ టీవీలో చూసిందంట."

"ఔ నాయనా."

"పెద్దోడా?"

"నీకన్నా చిన్నోడే."

నాయన భుజాన ఉన్న సంచిలోంచి ఇంకో జత చెక్కలు తీసి నా చేతిలో పెట్టాడు.

"రా. నా ఎనక నడువు."

ఇన్నేళ్లు కాచుకున్న మాట అంత మామూలుగా వచ్చేసింది. వెనక నడిచాను. పొద్దంతా మిషను తొక్కిన కాళ్లు, అడుగు బరువుగా పడుతోంది. పాట ఊపందుకుంది. ఉన్నట్టుండి నాయన నిలబడిపోయాడు, ఎక్కడి కాలు అక్కడ. చూసుకోక నేను పోయి ఆయన వీపుకు కొట్టుకున్నాను. నా వెనక మామ, మామ వెనక మిగతావాళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు, గురువు ఆగితే నవ్వడానికి ఎవరికి ధైర్యం? చెక్కలన్నీ ఊరుకున్నాయి. చెమటకు తడిసిన ఆయన చొక్కా నా మొహానికి అంటుకుని ఉంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. పాటగాడి కోసమో నాయన కోసమో నాకే తెలియలేదు.

నాయన తిరిగి అడుగు పిలిచాడు. భజన సాగింది.

ఇంటికి పోతూ, "సచ్చినోని కోసరం నిలబడొచ్చులేరా" అన్నాడు. ఆ వారమూ వాన రాలేదు.

నాయన ఆ పాట దగ్గర ఆగడం మానలేదు, జట్టుకూ అలవాటైపోయింది. ఇప్పుడు నాయన లేడు, మామ గురువు. ఆ చోటు రాగానే అందరం నిలబడతాం. అది మా నాయన కట్టిన అడుగని కొత్తగా చేరినవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. బొంబాయి పాటగాడి సంగతి వాళ్లకు తెలియదు. చెబుదామంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అని బద్ధకం, ఊరుకుంటాను. మామ వెనక నడిచేది నేనే. ఆ ఒక్క చోటికి వచ్చేసరికి మాత్రం, మామకూ నాకూ నడిమధ్యన ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడతాను.