బాగుంటే ఎందుకు అమ్ముతున్నట్టు?

సెవ్దాకు ఒక ప్రశ్న పుట్టిందంటే జవాబు దొరికేదాకా తిండి సయించదు. గొర్రె మెడలో గంట ఎందుకు మోగుతుందో చూద్దామని చిన్నప్పుడు ఆ గంట నాలుక ఊడబీకి, నాన్న చేత తన్నులు తిన్న మనిషి. యాభై దాటినా ఆ బుద్ధి పోలేదు.

రోడోపి కొండల్లో ఆమె పని రొట్టెలు మోయడం. వెనక సీటు పీకేసిన పాత కారు నిండా రొట్టెలు, వాటి మధ్య ఎవరివో మందులు, ఎవరికో ఉన్ని దారం వేసుకుని పై పల్లెలకు వెళ్ళేది. అక్కడ మిగిలింది ముసలివాళ్ళే. ఆ వేసవిలో కారు ఇక లేవనని కూలబడింది. మంచు పడేలోపు వేరే బండి తెచ్చుకోకపోతే పై పల్లెలకు రొట్టె పంపడమే మానేస్తామని బేకరీవాళ్ళు చెప్పేశారు. ఆమె పనీ పోతుంది, వాళ్ళ రొట్టే పోతుంది.

ఊళ్ళో ఉన్న ఒక్క మెకానిక్కూ ఆమె మరిది అసెన్.

"వదినా, నా స్పానరుకి లొంగే బండే కొను. లోపల కంప్యూటరుందంటే నా గడప తొక్కకు. కొండెక్కే బండికి నాలుగు చక్రాలూ లాగాలి, అడుగున తుప్పుండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టవ్వాలి," అన్నాడు.

"అవన్నీ నువ్వు చూడు. అంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నాడో నేను చూస్తా," అంది సెవ్దా.

పట్నంలో మొదటి బండి పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. సెవ్దా బానెట్ మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది. వీళ్ళు వచ్చేలోపే వేడి చేసి పెట్టాడన్నమాట.

"జర్మనీలో ఒక ముసలాయనదండీ. ఆదివారం చర్చికి తప్ప బయటికి తియ్యలేదు," అన్నాడు అమ్మేవాడు.

సెవ్దా లోపలికి తొంగి చూసింది. "ఎంత భక్తుడయ్యా! పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలేదాకా చర్చికెళ్ళాడు."

తర్వాత చూసినవీ పైన పటారం, లోన లొటారం. ఒకటీ అరా నికరమైనవి కనిపించినా వాటి ధర వింటే కళ్ళు తిరిగాయి. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అనలేదు.

చివరికి పక్క కొండ మీద దెల్చో తాత చిన్న రష్యన్ జీపు అమ్ముతున్నాడని తెలిసింది. ఇద్దరూ వెళ్ళారు. బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అసెన్ కింద దూరి బయటికొచ్చి, "తుప్పు ఉంది గానీ, నీ మోకాళ్ళకున్నంత లేదు వదినా," అన్నాడు. ధర విన్నాక మాట్లాడకుండా తీసుకోమని ఆమెను మోచేత్తో పొడిచాడు.

సెవ్దా ఆగుతుందా? "ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నావు తాతా?"

"బండి కావాలా నీకు, కథ కావాలా?"

"రెండూ."

ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. "కాఫీ తాగుతావా అమ్మాయ్?"

ఆ కొండల్లో అవునంటే తల అడ్డంగా ఊపుతారు. సెవ్దా ఊపింది. ఆయన గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"తాగుతావా?"

మళ్ళీ ఊపింది.

"పలకవేం? అలిగావా?"

"ఇవ్వు తాతా, తాగుతా," అంది. ఇదేం వింత అనుకుంది. ఆ వింత ఆమెను ఊరుకోనివ్వలేదు. "ఒకసారి నువ్వే నడుపు. పక్కన కూర్చుని ఇంజను వింటాను," అంది.

అసెన్ పాత సామాను ఏరుకుంటూ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. దెల్చో తన వంటింట్లో తిరిగినట్టు నడిపాడు. ఇక్కడ గేరు మార్చాలి, ఇక్కడ బురద, ఇక్కడ మా మేనత్త గాడిద పడింది అంటూ ప్రతి మలుపూ ముందే చెబుతున్నాడు. నిన్నటి వానకు ఒక మలుపులో పెద్ద రాయి దొర్లి దారి మధ్యకు వచ్చి పడి ఉంది. ఆయన వేగం తగ్గించలేదు.

"తాతా, రాయి!" సెవ్దా హ్యాండు బ్రేకు లాగేసింది. బండి దాన్ని తాకీ తాకకుండా ఆగింది.

"ఏ రాయి?" అన్నాడు దెల్చో.

కాఫీ దగ్గర సంగతేమిటో అప్పుడు సెవ్దాకు అర్థమైంది.

ముసలాయన స్టీరింగు వదల్లేదు. "ఎవరికీ చెప్పకే తల్లీ. కళ్ళు పోయాయని మావాళ్ళకు తెలిస్తే బండి లాక్కోవడంతో ఆగుతారా? ఆవుని తోలుకుపోతారు. తర్వాత నన్ను తీసుకెళ్ళి పట్నంలో ముసలాళ్ళ ఆశ్రమంలో పడేస్తారు. ఇంట్లో నాకే ఇబ్బందీ లేదు. చేతికి అన్నీ తెలుసు."

జవాబు దొరికినందుకు సెవ్దా బాధపడటం అదే మొదటిసారి. అడగకుండా ఉండాల్సిందనుకుంది. అడక్కపోతే ఈయనకు చూపు లేదన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదని కూడా అనుకుంది. దిగి చోటు మార్చుకుని, బండిని తనే వెనక్కి నడుపుకొచ్చింది.

"ఏం వదినా, తేలిందా? ఎందుకు అమ్ముతున్నాడట?" అసెన్ కన్ను గీటాడు.

కడుపులో మాట దాచుకోవడం చేతకాని సెవ్దా, "విసుగొచ్చిందట," అంది. బండి డబ్బు దెల్చో చేతిలో పెట్టి, "గురువారం గురువారం రొట్టె తెస్తాను తాతా. సంతకెళ్ళాలంటే పక్క సీటు నీదే. పొద్దున్నే తయారుగా ఉండు," అంది.

ముసలాయన లోపలికి వెళ్ళి రాగి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ప్రయాణం నీళ్ళలా సాఫీగా సాగాలని కదిలే బండి ముందు నీళ్ళు పోయడం అక్కడి ఆనవాయితీ. దెల్చో బండి ముందుకు నడిచి, చెంబు రెండు చేతులా ఎత్తి, తలుపు తీయబోతున్న సెవ్దా బూట్ల మీద కుమ్మరించాడు.

అసెన్ పకపకా నవ్వబోయాడు. సెవ్దా తడిసిన బూటుతో వాడి కాలు తొక్కింది.

"సరిగ్గా పడ్డాయా అమ్మాయ్?"

సెవ్దా అలవాటుగా తల అడ్డంగా ఊపింది. వెంటనే గుర్తొచ్చి గట్టిగా పలికింది.

"పడ్డాయి తాతా. సరిగ్గా చక్రాల ముందే పడ్డాయి."